మోకాళ్ళ మీద నేర్చుకున్న భాష

మన సాహిత్య సభల్లో మతం ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ దాదాపు ఒకే దారిన నడుస్తుంది. మతం స్త్రీని అణిచింది, ఆమె దేహాన్ని పాపమంది, నోరు మూసుకోమంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కాన్వెంటు హాస్టల్లో అయిదేళ్ళు పెరిగినదాన్ని, ఆ అణచివేత ఎలా ఉంటుందో నాకు పుస్తకాలు చెప్పక్కర్లేదు. అయినా ఆ చర్చలు వింటున్నప్పుడు ఏదో వెలితి అనిపిస్తుంది. పదమూడేళ్ళ ఆడపిల్లతో చెప్పించిన ప్రార్థన గురించి మాట్లాడతాం. ఆమె చేసుకున్న ప్రార్థన గురించి మాట్లాడం. ఈ రెండూ ఒకటి కాదు. కథోలిక ఆడపిల్లగా నా చదువూ, నా ప్రార్థనా కలిసి పెరిగిన తీరు తల్చుకుంటే ఆ తేడా నాకు చాలా ముఖ్యమైందిగా కనిపిస్తుంది.

మాది గుంటూరు ప్రాంతంలో మిరప పండే ఊరు. గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడింది గానీ అంతకు చాలా ముందునుంచే మా పల్లెలో జపమాలలున్నాయి. అమ్మమ్మ చిన్నప్పుడు పూజ లాటిన్‌లో జరిగేది. 1962 నుంచి 1965 దాకా సాగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత గానీ గుడిలో పూజ తెలుగులో వినపడలేదు. గురువుగారు అటు తిరిగి అర్థంకాని భాషలో పూజ చేస్తుంటే, వెనక నేలమీద కూర్చున్న ఆడవాళ్ళు తమపాటికి తాము తెలుగులో జపమాల చెప్పుకునేవాళ్ళట. "ఆయన పని ఆయనది, మా పని మాది" అనేది అమ్మమ్మ. గుడిలో ముందు వరసలు రెడ్లవి. పల్లెవాళ్ళం వెనక. సమాధుల దొడ్లు కూడా వేరువేరు. ఆ వెనక వరసలో, ఆడవాళ్ళ మధ్య, చేతిలో పూసలతో నడిచిన ఆ సమాంతర ప్రార్థనే నాకు వారసత్వంగా వచ్చిందనుకుంటాను.

1999లో ఆరో తరగతికి నన్ను దగ్గరి టౌన్లో మఠకన్యలు నడిపే హాస్టల్లో వేశారు. తెల్లవారుజామున అయిదింటికి గంట. అయిదున్నరకి ఉదయ ప్రార్థన, ఆరింటికి పూజ, ఏడింటికి స్టడీ. టిఫిన్ ముందు ప్రార్థన, తర్వాత ప్రార్థన. మధ్యాహ్నం పన్నెండింటికి గుడి గంట కొడితే లెక్కల టీచరు బోర్డు మీద చాక్‌పీసు అక్కడే ఆపి త్రికాల జపం అందుకునేది. సాయంత్రం ఆరింటికి జపమాల. రాత్రి తొమ్మిదింటికి ఆత్మశోధన, ఆ తర్వాత లైట్లు ఆర్పటం. ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు వార్డెన్ సిస్టర్ చదివాకే మా చేతికొచ్చేవి. మేం రాసినవి ఆమె చదివాకే పోస్టుకెళ్ళేవి. ట్రంకుపెట్టెలు తనిఖీ చేసేవాళ్ళు. ఇద్దరమ్మాయిలు కాస్త ఎక్కువసేపు కలిసి తిరిగితే "ప్రత్యేక స్నేహాలు పనికిరావు" అనేవాళ్ళు. అలాంటి చోట ఎవరూ తనిఖీ చెయ్యలేనిది ఒక్కటే. కళ్ళు మూసుకున్నాక లోపల జరిగేది. స్త్రీకి తనదైన గది కావాలని వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాసింది. మాకు గది లేదు. కళ్ళు మూసుకునే అనుమతి మాత్రం రోజుకి అయిదుసార్లు ఉండేది.

హాస్టల్లో శిక్ష కూడా మోకాళ్ళ మీదే. స్టడీలో మాట్లాడితే, గంటకి ఆలస్యమైతే, వరండాలో మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. ప్రార్థనకీ అదే భంగిమ, శిక్షకీ అదే భంగిమ. మఠాల్లోని వేళలూ, కట్టుబాట్లూ బళ్ళకీ, బారకాసులకీ, కార్ఖానాలకీ ఎలా పాకాయో మిషెల్ ఫూకో 1975లో వెలువరించిన పుస్తకంలో చెబుతాడు. ఎం.ఏ.లో అది చదివినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. నా మోకాలిచిప్పలకి ముందే తెలుసు. అయితే మోకరించిన పిల్ల లోపల ఏమనుకుంటోందన్నది ఆయన పుస్తకంలో నాకు దొరకలేదు. అక్కడినుంచే నా ఆసక్తి మొదలైంది.

జపమాలనే తీసుకోండి. మొదట మూడు, ఆ తర్వాత అయిదు పదులు, మొత్తం 53 మంగళవార్త జపాలు. ప్రతి జపంలోనూ గర్భం అన్న మాట వస్తుంది. తొమ్మిదో తరగతిలో మా క్లాసులో సగం మందికి పైగా పెద్దమనుషులమయ్యాం. ఆ సంగతి ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. గుడ్డలు ఆరేసుకోవటానికి స్నానాలగదుల వెనక ఎండ తగలని తీగ ఒకటి ఉండేది. సైన్సు పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు టీచరు "ఇది మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసింది. అదే పిల్లలం అదే సాయంత్రం గొంతెత్తి 53 సార్లు గర్భం అన్నాం. పాఠంలో చదవకూడని మాట ప్రార్థనలో పవిత్రం. ఇంకో సంగతి కూడా ఉంది. ఇళ్ళల్లో బయట కూర్చున్న రోజుల్లో దేవుడి గది ఛాయలకి వెళ్ళకూడని హిందూ స్నేహితురాళ్ళు మా క్లాసులో ఉన్నారు. మాకు చాపెల్లో ఆ పట్టింపు లేదు. కడుపునొప్పితో కూడా పూజకి వెళ్ళేదాన్ని. పైకి చెప్పుకోలేని నొప్పిని మరియమ్మతో చెప్పుకునేదాన్ని. ఆమె కూడా బిడ్డని కన్నదే కదా, ఈ నొప్పి ఆమెకి వివరించక్కర్లేదు అన్నది నా లెక్క.

2002 అక్టోబరులో రెండో జాన్ పాల్ పోపుగారు జపమాలకి అయిదు వెలుగు దేవ రహస్యాలు చేర్చారు. గురువారానికి అవి వచ్చాయి. నాకు మాత్రం సోమవారం ఇష్టం. ఆ రోజు ధ్యానించే సంతోష దేవ రహస్యాల్లో రెండోది మరియమ్మ ఎలిజబెతమ్మని చూడటానికి వెళ్ళటం. ఒకామె వయసు మళ్ళాక కడుపుతో ఉంది. ఇంకొకామె పెళ్ళి కాకుండానే కడుపుతో ఉంది. ఆ సన్నివేశంలో జకరియాకి మాట పడిపోయి ఉంటుంది. మాట్లాడేది ఆడవాళ్ళిద్దరే. అక్కడే మరియమ్మ పాడే పాటలో అధికారులు గద్దెలు దిగుతారు, ఆకలిగొన్నవాళ్ళ కడుపు నిండుతుంది. మాకు మరియమ్మని తల వంచుకున్న బొమ్మగానే చూపించారు. ఆమె అన్న మాటలు మాత్రం మా చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉన్నాయి. చదువు రావటం వల్ల కలిగే లాభం అదే. చూపించినదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

పాపసంకీర్తనం కూడా నాకు చదవటం నేర్పింది. నెలకోసారి గురువుగారు వచ్చేవారు. ముందురోజు పది ఆజ్ఞలూ వరసగా పెట్టుకుని ఒక్కోదాని కింద మా పాపాలు రాసుకోవాలి. అమ్మకి ఎదురు చెప్పాను, అబద్ధమాడాను, ప్రార్థనలో నిద్రపోయాను. తొమ్మిదో ఆజ్ఞ దగ్గర ఆగిపోయేవాళ్ళం. కథోలికుల లెక్కలో తొమ్మిదోది పొరుగువాడి భార్యని ఆశించకూడదన్నది. పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలం, ఎవరి భార్యని ఆశించాలి? ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వు ఆపుకోలేక చాపెల్ బయటికి పరిగెత్తేవాళ్ళం. ఆ నవ్వు మీద తర్వాత్తర్వాత నేను చాలా పేజీల పరిశోధన రాశాను. ఒక రచన ఎవర్ని పాఠకుడిగా ఊహించుకుంటోంది, ఆ ఊహలో స్త్రీ ఎక్కడుంది అన్న ప్రశ్న నాకు యూనివర్సిటీలో పుట్టలేదు. తొమ్మిదో ఆజ్ఞ దగ్గర పుట్టింది. అక్కడ మేం చదువరులం కాం. పొలం, ఎద్దులతోపాటు లెక్కలోకొచ్చే సొత్తులం.

మా బ్యాచిలో ఒకమ్మాయికి రెండు పేర్లుండేవి. జ్ఞానస్నానం పేరు ఇంట్లో, చాపెల్లో. రికార్డు పేరు హాజరుపట్టీలో. షెడ్యూల్డు కులాల గుర్తింపుకి సంబంధించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాని మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. దళిత క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన దగ్గర బి.సి. సి గ్రూపులో ఒక్క శాతం వాటా వాళ్ళకి మిగిలింది. అందుకని పిల్లల చదువుకోసం ఎన్నో కుటుంబాలు రెండు పేర్లతో బతికాయి. నాకు ఒకటే పేరు, బి.సి. సి సర్టిఫికెట్టు. ఆమె రికార్డు పేరు పిలిచినప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా "ప్రెజెంట్ టీచర్" అనేది. ఎవరినో పిలుస్తున్నారనుకునేదట. "ప్రార్థనలో మాత్రం నా పేరుతోనే మాట్లాడతా. దేవుడికి సర్టిఫికెట్టు చూపించక్కర్లేదు గదా" అంది ఒకసారి. ప్రార్థన ఆడపిల్లకి ఏమిస్తుందని ఎవరడిగినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మరియ గొరెట్టి గురించి అడిగింది కూడా ఆమే. జూలై 6న ఆ పునీతురాలి పండగ. ఇటలీలో ఒక పేద రైతు కుటుంబంలో 1890లో పుట్టిన పిల్ల. 1902లో పక్కింటి యువకుడు బలాత్కారం చెయ్యబోతే ప్రతిఘటించింది. అతను కత్తితో పొడిచాడు. మర్నాడు చనిపోతూ అతన్ని క్షమించింది. అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 1950లో పన్నెండో భక్తినాథ పోపుగారు ఆమెని పునీతురాలిగా ప్రకటించారు. ఏటా ఆ రోజున మాకు చెప్పే నీతి ఒకటే. పాపం కన్నా చావు మేలు. పదో తరగతిలో ఆ కథ అయిపోయాక ఆమె లేచి అడిగింది. "సిస్టర్, ఆ పిల్ల ఎదిరించలేకపోయి, బతికుంటే? అప్పుడు పునీతురాలు కాదా?" క్లాసంతా ఊపిరి బిగబట్టింది. సిస్టర్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పాపం చేసింది అతను. ఆ పిల్ల కాదు" అంది. వెంటనే, "ఇలాంటివి అడక్కూడదు. కూచో" అని కూడా అంది.

ఆ రెండు మాటలూ ఒకే నోట రావటం గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. మొదటి మాట స్త్రీగా ఆమెకి తెలిసింది. రెండోది సంస్థ ఆమెకి నేర్పింది. బలాత్కారానికి గురైన స్త్రీ శీలం పోదనీ, మనసు ఒప్పుకోనిదే పాపం అంటదనీ పునీత అగుస్తీను అయిదో శతాబ్దం తొలిరోజుల్లోనే, 'దైవ నగరం' మొదటి భాగంలో వాదించాడు. పదహారువందల ఏళ్ళనాటి ఆ వాదం మా ఊరి ఆడపిల్లల క్లాసుకి చేరలేదు, చావు మేలన్న నీతి మాత్రం చేరింది. మత గ్రంథాలయంలో ఏ పుస్తకం ఆడపిల్లల అరలోకి వస్తుంది, ఏది రాదు అన్నది ఎవరో నిర్ణయిస్తున్నారు. ఆ స్నేహితురాలు ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకెప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి లైట్లు ఆర్పాక కూడా ఆమె చాపెల్లోనే ఉంది. వార్డెన్ సిస్టర్ వెళ్ళి చూసి, లేపకుండా తిరిగొచ్చింది. పదో తరగతి పరీక్షలయిన నెలకే ఆమెకి పెళ్ళి చేశారు.

లిసియూ తెరేజమ్మ కథని కూడా మాకు ఇలాగే కత్తిరించి ఇచ్చారు. చిన్న పుష్పమట, విధేయత పువ్వట. ఆ విధేయురాలు 1887 నవంబరులో, పధ్నాలుగేళ్ళ వయసులో, రోములో పదమూడో లియో పోపుగారి ముందు మోకరించింది. ఎవరూ ఆయనతో మాట్లాడకూడదని గట్టిగా చెప్పినా వినకుండా, పదిహేనేళ్ళకే మఠంలో చేరే అనుమతి కావాలని అడిగింది. కాపలావాళ్ళు లేవదీసి తీసుకెళ్ళాల్సొచ్చింది. ప్రార్థనలో తనకి నిద్ర ముంచుకొస్తుందని, జపమాల చెప్పటం కష్టమని రాసుకుంది. గురువు కావాలన్న కోరిక తనలో ఉందనీ రాసింది. 1897లో ఇరవైనాలుగేళ్ళకి పోయాక ఆమె ఆత్మకథని సొంత అక్కే బాగా దిద్ది అచ్చువేయించింది. దిద్దని ప్రతి 1956 దాకా వెలుగు చూడలేదు. స్త్రీల ఆత్మకథల మీద పనిచేసేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. స్త్రీ రాసిన మాట లోకానికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో మనకి తెలుసు. మా ఉత్తరాలు కూడా అలాగే చేతులు మారి ఇంటికెళ్ళేవి.

నా ప్రార్థన మొదట్లో అంతా అడగటమే. లెక్కల్లో మార్కులు రావాలి, అమ్మకి జ్వరం తగ్గాలి. 2002లో కరువొచ్చింది. సాగర్ కాలువ నమ్ముకుని కౌలుకి చేస్తున్న మా ఎకరంన్నర బీడు పడింది. హాస్టల్లో వానకోసం తొమ్మిది రోజుల ప్రార్థన చేయించారు. వాన రాలేదు. అప్పులవాళ్ళు ఇంటికొస్తున్నారని అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు చెప్పింది. ఆ తర్వాత నాకు ప్రార్థన రావటం మానేసింది. పెదవులు కదిలేవి, లోపల ఏమీ లేదు. వంటిల్లు చూసే పెద్ద సిస్టర్ ఒకామె ఉండేది. అయిదో తరగతి దాకానే చదివిందట. అందుకే ఆమెకి బడి ఇవ్వలేదు, పొయ్యి ఇచ్చారు. ఆమెతో చెప్పాను. "రాకపోతే పోనీలేమ్మా. వెళ్ళి కూచో. ఎసట్లో బియ్యం పోశాక మనం చేసేదేముంది, కూచోటమే గదా" అంది. వెళ్ళి కూర్చున్నాను. అడగటానికి ఏమీ లేనప్పుడు, చెప్పటానికి కంఠస్థం చేసిన మాటలు పనికిరానప్పుడు, మొదటిసారి నా మాటలు నాకు వినిపించాయి. కోపం, భయం, ఎందుకు అన్న ప్రశ్న. రాత్రి ఆత్మశోధన పుస్తకంలో పాపాల జాబితాకి బదులు అవి రాయటం మొదలుపెట్టాను. నేను రాసిన మొదటి వచనం అదే.

ఏళ్ళ తర్వాత ఆవిలా తెరేజమ్మ ఆత్మకథ చదువుతుంటే నాకు ఆ ఎండిన కాలువ కనిపించింది. స్పెయిన్‌కి చెందిన ఆమె 1515లో పుట్టి 1582లో పోయింది. పాపసంకీర్తనం వినే గురువుల ఆజ్ఞ మీద తన జీవితం రాసింది. ఆ రాతప్రతిని మతవిచారణ అధికారులు ఏళ్ళ తరబడి తమ దగ్గరే పెట్టుకున్నారు. ప్రార్థన ఎదుగుదలని ఆమె తోటకి నీళ్ళు పెట్టటంతో పోలుస్తుంది. మొదట బావిలోంచి చేదుకోవటం. శ్రమ ఎక్కువ, నీళ్ళు తక్కువ. తర్వాత రాట్నం తిప్పి తోడటం. ఆ తర్వాత కాలువ పారటం. చివరికి వాన. వేదాంత శాస్త్రం చదవని మా అమ్మకి కూడా ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఆమె తాత యూదు మతం నుంచి మారినవాడు. 1485లో తొలేదోలో మతవిచారణ ముందు బహిరంగ ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సొచ్చింది. కుటుంబం ఆ మూలాన్ని దాచి కొత్త గౌరవం కొనుక్కుంది. మతం మారినవాళ్ళ మనవరాలు, రికార్డులో ఒకటి, రక్తంలో ఒకటి. ఆమె ప్రార్థన అంటే స్నేహితుడితో ఏకాంతంగా మాట్లాడుకోవటం అన్నప్పుడు నాకు మా హాజరుపట్టీ గుర్తొచ్చింది. శ్రీసభ ఆమెని 1970లో వేదపండితురాలిగా గుర్తించింది. అంతకుముందు ఏ స్త్రీకీ ఆ గౌరవం లేదు. ఇప్పటికీ ఆ వరసలో స్త్రీలు నలుగురే.

ఎండిపోవటం కూడా ప్రార్థనలో భాగమేనని మాకు ఎవరూ బోధించలేదు. 2003 అక్టోబరు 19న మదర్ తెరీసాని ధన్యురాలిగా ప్రకటించే పూజని హాస్టల్ టీవీలో చూపించారు. నిత్యం దేవుడితో మాట్లాడే మనిషి అన్నారు. 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాక తెలిసింది, దాదాపు యాభై ఏళ్ళు ఆమె లోపల అంతా చీకటేనని. ఆ ఉత్తరాలు నాశనం చెయ్యమని ఆమె కోరింది. స్త్రీ అనుమానాన్ని దాచి, నమ్మకాన్ని మాత్రమే గోడకి తగిలించే అలవాటు అన్ని మతాల్లోనూ ఉంది.

అమ్మ ప్రార్థన వేరు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి నన్ను తీసుకెళ్ళి, కొబ్బరికాయ కొట్టి, కొండెక్కేది. మిరపకాయలు కోస్తూ మరియమ్మతో ఆడపడుచుతో దెబ్బలాడినట్టు దెబ్బలాడేది. "నీకూ ఒక కొడుకున్నాడు గదమ్మా, కడుపుకోత తెలవదా" అనేది. ఆమెకి వేళల పట్టిక లేదు, మోకరించే తీరిక లేదు. అమ్మమ్మ వెనక వరస తెలుగు, అమ్మ మిరపచేను తెలుగు, నా ఆత్మశోధన పుస్తకం తెలుగు. మూడు తరాల ఆడవాళ్ళం పీఠానికి దూరంగా ఉండి తయారుచేసుకున్న భాష ఇది.

పీఠం దగ్గర మార్పులు నెమ్మదిగా వస్తున్నాయి. ఆడపిల్లలు పూజలో సాయం చెయ్యొచ్చని 1994లో రోము ఒప్పుకుంది. నేను హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మా విచారణలో ఆ సాయం మగపిల్లలే చేశారు, మేం పీఠం తుడిచి పూలు పెట్టాం. పవిత్ర గురువారం కడిగే పాదాల్లో స్త్రీల పాదాలుండొచ్చని 2016లో చెప్పారు. గ్రంథ పఠనం, పీఠసేవ పదవులు 2021లో స్త్రీలకి తెరుచుకున్నాయి. 2023 అక్టోబరు సినడ్‌లో స్త్రీలు మొదటిసారి ఓటేశారు. గురుత్వం మాత్రం పురుషులకేనని 1994లో వచ్చిన మాట అలాగే ఉంది. 2022లో ఒక దళితుడు, మన తెలుగువాడు పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు మా పల్లెలో టపాకాయలు కాల్చారు. పల్లె ఆడపిల్లల వరస ఇంకా వెనకే ఉంది.

తమిళంలో బామ 1992లో 'కరుక్కు' రాసింది. మఠంలో చేరి, అక్కడ కులాన్నీ హోదానీ చూసి బయటికొచ్చిన దళిత కథోలిక స్త్రీ కథ అది. మనకి 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. క్రైస్తవ హాస్టళ్ళలో చదువుకుని రచయిత్రులైన దళిత స్త్రీలు మన మధ్య ఎందరో ఉన్నారు. అయినా ఆ హాస్టళ్ళ చాపెళ్ళలో కళ్ళు మూసుకున్న పిల్లలు ఏమనుకున్నారో మన సాహిత్యంలో చాలా తక్కువ నమోదయింది. ఆ అనుభవం స్త్రీవాదానికి సిగ్గుపడాల్సిందని కొందరు, మతానికి అప్పజెప్పాల్సిందని ఇంకొందరు అనుకోవటం వల్ల ఇలా జరిగిందేమో.

నువ్వు ఇప్పుడు ప్రార్థన చేస్తావా అని మిత్రులడుగుతారు. చేస్తానో లేదో అన్నదానికంటే, అక్కడ నేర్చుకున్నది ఏం చేశానన్నది ముఖ్యం. రోజు చివర కూర్చుని నిన్ను నువ్వు ప్రశ్నించుకో అన్నారు. విధేయత పెరగటానికి అది ఇచ్చారు. నాకు ఆలోచన పెరిగింది. ఇచ్చినవాళ్ళ ఉద్దేశం ఒకటి, తీసుకున్న పిల్ల చేసుకున్నది మరొకటి. ఆ రెండింటి మధ్య ఎడం ఎంతుందో కొలవటమే నాకు తెలిసిన స్త్రీవాద విమర్శ. రెండు పేర్ల మధ్య నలిగిన ఆ స్నేహితురాలి ప్రశ్న ఇంకా మన ముందుంది. బతికుంటే పునీతురాలు కాదా? బతికిన ఆడపిల్లల ప్రార్థనలు మనం రాయాలి.